పచ్చ వైరు

జీపుని ట్రాలీ మీద తెచ్చిన ఇద్దరూ జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో ఎమిలీ షాపు ముందు దాన్ని దింపారు గానీ, షెడ్డులోకి నెట్టే దగ్గర తగువు పెట్టుకున్నారు. నెట్టేటప్పుడు ఒకరు స్టీరింగ్ పట్టుకుని కూర్చోవాలి. నువ్వు కూర్చోమంటే నువ్వు కూర్చోమన్నారు. ఒకడికి నడుం నొప్పి గుర్తొచ్చింది. ఇంకొకడికి చొక్కా మాసిపోతుందని బెంగ పట్టుకుంది. నిరుడు జనవరిలో ఒక తెల్లవారుజామున దల్మా కొండ దిగుతూ మలుపు దగ్గర రోడ్డు వదిలి సాల్ చెట్టుకి గుద్దుకున్న బండి అది. ఆ సీట్లోనే డ్రైవరు రూఫస్ ప్రాణం పోయింది. ఇద్దరి వాలకం చూసి ఎమిలీకి ఒళ్ళు మండింది. చేతులు తుడుచుకుని తనే ఎక్కి కూర్చుంది.

కూర్చున్నాక ఆ మంట కాస్తా చల్లారింది. సీటు ఒక పక్కకి అణిగిపోయి ఉంది, తలుపు వైపు ఒరిగి కూర్చునే మనిషిని చాలాకాలం మోసినట్టు. ముందు గాజు పగిలితే కొత్తది వేశారు గానీ పైన వెనక చూపు అద్దం మాత్రం పాతదే. అందులో ఆమెకి వెనక రోడ్డు కనిపించలేదు, షెడ్డు కప్పు కనిపించింది. రూఫస్ బాగా పొడుగు మనిషి. తన కళ్ళ ఎత్తుకి పెట్టుకున్నాడు. దాన్ని కిందికి వంచుకుందామని చెయ్యెత్తి, మళ్ళీ దించేసుకుంది.

బండి యజమాని భుజంగరావు గారు వెనకే కారులో వచ్చారు. రిటైరయిన ఇంజనీరు, సర్క్యూట్ హౌస్ ఏరియాలో ఇల్లు. ఈ జీపంటే ఆయనకి ప్రాణం. దాన్ని పోలీసుల దగ్గర్నుంచి విడిపించుకుని జుగ్సలాయిలో రేకు పని, ఇంజను పని చేయించారు. వైరింగు మా వల్ల కాదని అక్కడివాళ్ళు చేతులెత్తేస్తే ఇక్కడికి పట్టుకొచ్చారు. పాత వైరు ఒక్కటీ ఉంచొద్దనీ, మొత్తం పీకి పారేసి కొత్తది వేసేయమనీ చెప్పారు. బానెట్టు పక్కన నిలబడి మాట్లాడినంతసేపూ ఆయన డ్రైవరు సీటు వైపు చూడలేదు.

పీకి పారేయడం ఎమిలీ పద్ధతి కాదు. అంత పాత బండి మీద ఎంతమంది చేతులు పడ్డాయో, ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పగలిగినవాళ్ళు ఉండరు. అందుకని ప్రతి వైరునీ చివరి కొస దాకా వెతికి, తెల్ల టేపు చుట్టి పేరు రాసుకున్నాకే కత్తెర పట్టుకుంటుంది. వైర్లకి బారసాల చేస్తావేటే అని ఆమె తండ్రి తోమాస్ వేళాకోళం చేస్తుంటాడు.

తోమాస్ వర్క్స్‌లో, అంటే ఊళ్ళో ఉక్కు కర్మాగారంలో, క్రేన్ సెక్షన్ ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యాడు. షెడ్డులో ఒక పక్క ఆయన ఫ్యాన్ల వైండింగు, రెండో పక్క కూతురి బండ్ల పని. కళ్ళల్లో పొరలొచ్చి రంగులు మసకబారిపోయాయి, ఆపరేషనంటే రేపూ మాపూ అంటాడు. వేళ్ళు మాత్రం ఇప్పటికీ పని తప్పవు. పైగా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆయన ఒక మాటన్నాక పాస్టరుగారు కూడా మారు మాట్లాడరు.

ఆ సాయంత్రం మార్త వచ్చింది. రూఫస్ భార్య, భాలుబాసాలో ఉంటుంది, దగ్గర్లో ఒక బడిలో ఆయాగా చేస్తోంది. జీపు వచ్చిందని ఎవరు చెప్పారో తెలియదు. షెడ్డు బయటే నిలబడిపోయింది. లోపలికి రమ్మని ఎమిలీ పిలిచినా రాలేదు. తను వచ్చింది దానికోసం కాదంది గానీ కళ్ళు దాన్ని వదల్లేదు.

ఆమె అడగడానికి వచ్చింది తోమాస్‌ని. రూఫస్ పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక వచ్చే ఆదివారం తర్వాతి వారం గుడిలో పెట్టుకోనివ్వాలని కోరింది. తోమాస్ చేతిలో పని పక్కన పెట్టి, స్టూలు చూపించి, చాలా మెత్తగా కాదన్నాడు. ఇంటికాడ పెట్టుకోమనీ, తనే వచ్చి ప్రార్థన చేస్తాననీ అన్నాడు. తాగుడు మానేశానని సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పినవాడు మళ్ళీ తాగి చనిపోతే అతని కూడిక గుడిలో జరపరు. ఈ కట్టుబాటు ఆయన పుట్టించింది కాదు. రూఫస్ కూడా ఆ గుడిలోనే, ఆ మైకు ముందే నిలబడి, నా నోట చుక్క పడదని చెప్పినవాడు. బండిలో సీటు కింద పగిలిన రమ్ము సీసా దొరికింది. కొండ మీదికి శవం తేవడానికి వెళ్ళినవాళ్ళలో తోమాస్ ఉన్నాడు, ఆ సీసాని కళ్ళారా చూసింది కూడా ఆయనే.

"పైనుంచి ఫోన్ చేసినాడు మావయ్యా," అంది మార్త. "గాజంతా మంచు పట్టేసింది, దిగినాక చేత్తానన్నాడు. మాట తడబడలేదు. తాగినోడి మాట నాకు తెల్దేటి? పదేళ్ళు విన్నాను."

తోమాస్ తల దించుకున్నాడు. దేవుడికే తెలియాలమ్మా అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన గొంతు నిజంగానే బాధగా ఉంటుంది. ఎమిలీకి ఆ బాధే చికాకు తెప్పిస్తుంది. మార్త వెళ్ళేముందు షెడ్డు గుమ్మం దాటి ఒక్క అడుగు వేసి, జీపు తలుపు మీద చెయ్యి ఆనించి, వెంటనే తీసేసి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే ఎమిలీ డాష్‌బోర్డు విప్పింది. రేకు వెనక నుంచి కాలిన ప్లాస్టిక్ కంపు గుప్పుమని కొట్టింది. నెలల తరబడి ఎండలో, వానలో పోలీసు స్టేషన్ వెనక పడున్న బండి, అయినా ఆ కంపు నిన్నటిదే అన్నట్టుంది. వైర్లన్నీ కలిసి కరిగి నల్లటి కట్టెలా గట్టిపడిపోయాయి. ఎలకలు కొరికి ఉంటాయని జుగ్సలాయివాళ్ళు అన్నారట. ఎలక కొరికితే పన్ను గుర్తు ఉంటుంది, ఒకచోట ఉంటుంది. ఇది లోపలి నుంచి కాలింది. ఒక వైరు ఎర్రగా కాగి, తన పక్కనున్నవాటన్నిటినీ కాల్చింది.

ఏది ముందు కాగిందో తెలుసుకోవాలనే పట్టుదల ఆమెకి ఎక్కడిదో ఆమెకే తెలియదు. యజమాని అడగలేదు, దానికెవరూ కూలీ ఇవ్వరు. మొత్తం కోసి గోనెలో పడేస్తే పాత సామాన్లవాడు పట్టుకెళ్ళి, పైతొడుగు కాల్చేసి, రాగి తీసుకుంటాడు. ఎవరూ ఏమీ అనరు. అయినా చిన్న కత్తితో ఆ నల్లటి పెంకుని గీరుతూ, వేడి నీళ్ళ గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. మధ్యమధ్య ముందు సీట్లో ఎవరో కదిలినట్టు అనిపించి తలెత్తేది. ఎవరూ ఉండరు. స్ప్రింగు సర్దుకున్న చప్పుడని తనకి తానే చెప్పుకునేది. బండి కింద దూరినప్పుడు మాత్రం కాళ్ళు బయటకి పెట్టి పడుకోలేకపోయింది. ఎందుకో సిగ్గుపడుతూనే వాటిని లోపలికి లాక్కుంది.

మధ్యాహ్నానికి ఒక స్విచ్చు బయటపడింది. డాష్‌బోర్డు కింది వరసలో, మిగతావాటికి దూరంగా ఉంది. మీద చిన్న ఫ్యాను బొమ్మ. చలి దేశాల్లో గాజు మీది ఆవిరి పోగొట్టడానికి వేడి గాలి ఊదే మోటారుకి పెట్టేది. ఆ మోటారు ఈ బండిలో లేదు, ఎప్పుడో పీకేశారు. స్విచ్చు మిగిలింది. దీపాలవి కాక మిగతా స్విచ్చులన్నీ పైకి ఉన్నాయి, ఇదొక్కటే కిందికి నొక్కి ఉంది. ఎమిలీ దానివైపు చాలాసేపు చూసింది. గాజంతా మంచు పట్టేసిందని అతను మార్తకి చెప్పిన మాట చెవిలో వినిపించింది. జంషెడ్‌పూర్‌లో ఆ స్విచ్చు ఎవరికి కావాలి? ఆ తెల్లవారుజామున ఆ కొండ మీద అతనికి కావాల్సొచ్చింది. ఏడాదిగా అతను నొక్కింది నొక్కినట్టే ఉంది. దాన్ని పైకి ఎత్తడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

స్విచ్చు వెనక నుంచి వెళ్ళిన వైరుని పట్టుకుని వెతుక్కుంటూ పోయింది. తొడుగు సగం కాలిపోయినా అక్కడక్కడా రంగు మిగిలింది. పచ్చ వైరు. అది నల్లకట్టె మధ్యలోంచి, సరిగ్గా హెడ్‌లైటు వైర్లని ఒరుసుకుంటూ వెళ్ళింది. ఇంజను వెనకాలి రేకు దగ్గర, మోటారు ఉండాల్సిన చోట, దాని కొసకి స్క్రూ దూరే కన్నమున్న రాగి లగ్గు వేసి, కింద పళ్ళ వాషరు పెట్టి, బండి బాడీకి స్క్రూతో బిగించేశారు. ఎంత చక్కటి పనో. లగ్గు మెడకి మైనం పట్టించిన దారం చుట్టి, ప్రతి చుట్టుకీ ఒక ముడి వేసి ఉంది. బండ్ల పనిచేసేవాళ్ళెవరూ దారం చుట్టరు, టేపు చుట్టి ఊరుకుంటారు. వర్క్స్‌లో పాత క్రేన్ ప్యానెళ్ళలో పనిచేసినవాళ్ళు చుట్టేవారు. ఇప్పుడు బారిడీహ్‌లో చుట్టేది ఒక్కరే. ఆ ముడి వేయడం ఎమిలీకి చిన్నప్పుడు తండ్రి తన జడ రిబ్బను మీద నేర్పాడు.

వైండింగు చేస్తున్న తోమాస్‌కి కూతురి చేతుల చప్పుడు ఆగిపోయిందని తెలిసింది. ఏటి దొరికిందే అని అడిగాడు. లేచి వచ్చి, రేకు వెనక్కి చెయ్యి పోనిచ్చి, వేళ్ళతో తడిమాడు. లగ్గు దగ్గరకి రాగానే ఆయన మొహం వెలిగింది.

"ఇది నా పనే," అన్నాడు. "రిటైరయిన కొత్తలో ముందు పొగమంచు లైట్లు పెట్టమని పిలిచినారు గదా భుజంగరావు గారు, అప్పుడు బిగించినాను. ఏ రంగు అది?"

"పచ్చ," అంది ఎమిలీ.

"అదే మరి. ఎర్త్ వైరు ఊడిపోయి ఏలాడతా ఉండేది. ఎర్తుని అలా ఒగ్గేత్తే ఎవుడికైనా షాక్ కొడతాది. సూడు, యాక్సిడెంటు అయినా స్క్రూ కదల్లేదు."

ఆయన మళ్ళీ తన స్టూలు మీదకి వెళ్ళిపోయాడు. హుషారుగా ఏదో కూనిరాగం కూడా తీశాడు. వర్క్స్‌లో పచ్చంటే ఎర్తే. ఇళ్ళలోనూ అంతే. జీవితమంతా ఆ ఒక్క రంగునీ నమ్ముకుని, దాన్ని ఇనుముకి బిగించి, మనుషుల్ని కాపాడిన చేతులవి. ఈ పాత జీపుల్లో ఎర్త్ నలుపు. పచ్చలో కరెంటు పారుతుంది. ఆ సంగతి ఎమిలీకి జుగ్సలాయిలో పని నేర్చుకునేటప్పుడు మొదటి వారంలోనే చెప్పారు. అంతకుముందు క్రేన్లు తప్ప బండి ముట్టుకోని తోమాస్‌కి చెప్పేవాళ్ళెవరు? స్విచ్చు పైకి ఉన్నంతకాలం ఆ వైరు చచ్చిన పాములా పడుకుంది. నొక్కగానే బ్యాటరీలో ఉన్నదంతా దానిలోంచి బాడీలోకి దూకింది. ఫ్యూజు అడ్డుకోవాలి. ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో లావుపాటి తీగ మెలిపెట్టారు. వైరు కాగి, పక్కనున్న హెడ్‌లైటు, పొగమంచు లైట్ల వైర్లని తెంచేసింది. పొగమంచులో, మలుపులో, దీపాలు ఆరిపోయాయి.

ఎమిలీ చేతిలో కత్తెర ఉంది. ఆ కొస కోసి గోనెలో పడేయడానికి క్షణం పట్టదు. కత్తెర నోరు తెరిచి పచ్చ వైరుకి పెట్టింది కూడా. తీసేసి, తెల్ల టేపు చుట్టి, దాని మీద ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేసింది.

*

భుజంగరావు గారు కొత్త బ్యాటరీ తెచ్చారు. దానితోపాటు సంచిలోంచి ఒక రమ్ము సీసా తీసి బల్ల మీద పెట్టారు. లేబులు కూడా చిరగలేదు. ఎమిలీ చూపు దాని మీదే నిలిచిపోయిందని గమనించి నవ్వారు.

"బ్యాటరీలో పోసే నీళ్ళమ్మా. మా ఆవిడ కుసుమకుమారి దీన్ని చూసినప్పుడల్లా తిడుతుంది. ఈ సీసా మూత బిగువుగా ఉంటుంది, బండి ఎంత ఎగిరినా కారదు. జీపులో సీటు కింద ఎప్పుడూ ఒకటి ఉండాల్సిందే."

ఆ రోజు కూడా ఉందా అని ఎమిలీ అడిగింది. ఎప్పుడూ ఉంటుంది కదమ్మా అన్నారాయన మామూలుగా. ఆ సీసా గురించి సంఘంలో ఏం మాట్లాడుకున్నారో ఆయన దాకా రాలేదు. ఆయనది వేరే మతం, వేరే పేట. డ్రైవరు నిద్రమత్తులో తోలి ఉంటాడని అనుకుంటున్నారు. అలా అనుకుని తనని తనే తిట్టుకుంటున్నారు, అంత పొద్దున్నే పంపకుండా ఉండాల్సిందని. ఆయన వెళ్ళాక ఎమిలీ సీసా మూత తిప్పి వాసన చూసింది. నీళ్ళకి వాసన ఉండదు. ఏడాదిగా ఒక్కరూ వాసన చూడలేదే అనుకుంది.

తండ్రి టీ తాగి వచ్చేలోపు బ్యాటరీ ఎక్కించింది. క్లిప్పు తగలగానే హారన్ మోగడం మొదలుపెట్టింది. ఎవరూ నొక్కకుండానే, ఆగకుండా మోగింది. రోడ్డు మీద వెళ్తున్న ఆటో ఆగింది. ఎదుటి టీ కొట్టులో జనం ఇటు తిరిగారు. తోమాస్ గ్లాసు పట్టుకుని రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. కరిగిన రెండు వైర్లు అంటుకుపోతే హారన్ దానంతటదే మోగుతుంది, ఎమిలీకి ఆ సంగతి తన పేరంత బాగా తెలుసు. అయినా క్లిప్పు పీకగానే సీటు వైపు తిరిగి చూసింది. ఆ శబ్దం ఆ సీట్లోంచే వచ్చింది.

హారన్ వైరు విడదీసి, తండ్రిని పిలిచి బండి పక్కన నిలబెట్టింది. మెలిపెట్టిన తీగ తీసేసి సరైన ఫ్యూజు పెట్టానని చెప్పింది. ఆయన వేలు ఫ్యూజు పక్కన ఆనించి తాళం తిప్పింది. టప్‌మంది. కాలింది. ఇంకోటి వేయమన్నాడు తోమాస్. అదీ కాలింది. ఎక్కడో షార్టుందే అన్నాడు. అవునంది ఎమిలీ. ఆయన వేళ్ళు అలవాటు చొప్పున వెతుక్కుంటూ డాష్‌బోర్డు కింద ఫ్యాను బొమ్మ స్విచ్చు మీదకి వెళ్ళాయి.

"ఇది ఏసే ఉందేటి?"

"ఆ రోజు నుంచీ వేసే ఉంది డాడీ. రూఫస్ వేసిందే."

తోమాస్ చెయ్యి తీసేసుకున్నాడు. స్విచ్చు నుంచి వెళ్ళిన వైరు ఏదని అడిగాడు. పచ్చదంది. అది ఎక్కడికి వెళ్ళిందని అడగలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని, రేకు వెనక తడుముకుని, తను బిగించిన స్క్రూని తనే విప్పాడు. గట్టిగా ఉంది, మోచేతి వరకూ బలం పెట్టాల్సి వచ్చింది. వైరు విడిపోయింది. ఇప్పుడు వేయమన్నాడు. ఎమిలీ కొత్త ఫ్యూజు పెట్టి తాళం తిప్పింది. ఈసారి కాలలేదు. డాష్‌బోర్డులో చిన్న ఎర్ర దీపం వెలిగి అలాగే ఉంది.

"ఫ్యూజు ఉంటే ఫ్యూజే పోయేది," అన్నాడు తోమాస్. "తీగ మెలెట్టినోడిది తప్పు."

"వాడిదీ తప్పే. నీదీ తప్పే."

"వర్క్స్‌లో నా చేతి కింద ఒక్కడికీ షాక్ కొట్టలేదే."

ఎమిలీకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన మీద కోపం వస్తే ఆయన కళ్ళు గుర్తొస్తాయి, జాలి వస్తే మార్త గుర్తొస్తుంది. సీసా సంగతి కూడా చెప్పేసింది. ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని భయపడి గబగబా చెప్పింది. బల్ల మీది సీసా ఆయన చేతికిచ్చింది. తోమాస్ మూత తీయలేదు. లేబుల్ని బొటనవేలితో రుద్దుతూ, నేను చూసినాను గదా, నేను చూసినాను, అన్నాడు. మార్తకి చెప్పావా అని అడిగాడు. నువ్వు చెప్తావనుకున్నానంది ఎమిలీ.

ఆ తర్వాత శనివారం దాకా ఆయన షెడ్డులోకి రాలేదు. ఎమిలీ కొత్త వైర్లు లాగుతూ, టేపు చుట్టుకుంటూ, ఒంటరిగా పనిచేసింది. హెడ్‌లైట్లు రెండూ వెలిగి ఎదుటి గోడ మీద పడినప్పుడు, పైకి సెట్ చేసి ఉన్న ఆ అద్దంలో కూడా వెలుగు మెరిసింది. అద్దాన్ని మాత్రం ఆమె ముట్టుకోలేదు.

*

ఆదివారం గుడిలో పాస్టరుగారి వాక్యం అయిపోయాక, ప్రకటనల ముందు తోమాస్ లేచాడు. కూతురికైనా చెప్పలేదు. పెద్దల బెంచీ నుంచి మైకు దాకా నడిచాడు. సంఘమంతా సర్దుకుని కూర్చుంది. ఎమిలీ ఆంప్లిఫయరు పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని ఉంది. ఆ మైకు సెట్టు చూసుకునేది ఆమే. స్త్రీల వైపు చివరి బెంచీలో మార్త ఉంది.

ఆయన బాగా చెప్పాడు. దాచలేదు. పచ్చ వైరు సంగతి, స్క్రూ సంగతి, దీపాలు ఎందుకు ఆరాయో, అన్నీ వరసగా, ఒక మెషీను చెడిపోతే పైవాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు. ఆ పొరపాటు ఈ చేతులదే అని చేతులు చాపి చూపించాడు. రూఫస్ చావుకి నేను బాధ్యుణ్ణి, దేవుడు, సంఘం క్షమించాలి అన్నాడు. తల దించుకున్నాడు. ఎమిలీ గుండెల్లోంచి ఒక బరువు దిగింది. తండ్రిని చూసి గర్వపడింది కూడా. ఇంకో మాట కోసం ఆగింది. ఆయన మైకు దగ్గర్నుంచి కదిలాడు.

పాస్టరుగారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఇంత తగ్గింపు మనసు ఈ రోజుల్లో ఎక్కడుందన్నారు. తోమాస్ గారి మీద గౌరవంతో, దయ చూపించి, ఈ ఒక్కసారికి రూఫస్ కూడిక గుడిలోనే జరుపుకోనిద్దామన్నారు. ఆమెన్ అన్నారంతా. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. బయట టీ దగ్గర తోమాస్ చుట్టూ జనం మూగారు. ఆయనతో క్రేన్ సెక్షన్లో చేసినవాళ్ళు భుజం తట్టారు. తోమాస్ చేతి పని మాకు తెలీదేటి, తాగుబోతు పెళ్ళాం ఏడుపు చూడలేక తన నెత్తినేసుకున్నాడు, అని ఒకాయన పక్కాయనతో అనడం ఎమిలీ విన్నది. పక్కాయన తలూపాడు. అవును మరి, ఆ మనసు ఎవరికుంటుంది అన్నాడు. చేసిన తప్పు చెప్పుకుంటే మనిషి ఇంత పెద్దవాడవుతాడని ఎమిలీ ఎన్నడూ అనుకోలేదు. పోయినవాడు మాత్రం ఎక్కడున్నాడో అక్కడే ఉండిపోయాడు.

మార్త టీ తీసుకోలేదు. జనం పల్చబడేదాకా మెట్ల పక్కన ఆగి, తర్వాత తోమాస్ దగ్గరకి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె ఆయన చేతులు పట్టుకుని ఏడుస్తుందని ఎదురుచూస్తూ దారిచ్చారు.

"కూడిక ఇంటికాడే పెట్టుకుంటాను మావయ్యా," అంది. "దయ మీద గుడిలో ఒద్దు."

అదేంటమ్మా అన్నాడు తోమాస్. అంతా చెప్పేశాను గదా అన్నాడు.

"వైరు సంగతి చెప్పినారు. సీసా సంగతి చెప్పలేదు. నిన్న ఎమిలీని నేనే అడిగాను, దానిలో ఏటుందో చెప్పింది. చెయ్యి ఎవుడికైనా తప్పుతాది. దానికి నేను మిమ్మల్ని ఏటీ అనను. ఆయన తాగలేదన్న ఒక్క మాట అక్కడ నిలబడి అంటారని ఏడాది నుంచీ సూత్తన్నాను."

తోమాస్ వచ్చే ఆదివారం అని ఏదో మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. పొరపాటు తనదని చెప్పడానికి మూడు రోజులు గుంజాటన పడ్డాడు గానీ, తీర్పు తప్పని చెప్పాల్సి ఉంటుందని ఆయనకి తట్టలేదా, తట్టినా నోరు రాలేదా, ఎమిలీకి ఈ రోజుకీ తెలియదు. ఆయన చేతిలో గ్లాసు ఎవరికో ఇచ్చేసి, గుడి మెట్లకేసి నడిచాడు. మెట్లు సరిగా కనబడక ఒకచోట తడబడ్డాడు. ఎవరో పట్టుకోబోతే వద్దన్నాడు.

గుడిలో బెంచీలు సర్దుతున్నారు. మైకు వైరు సగం చుట్టేశారు. ఎమిలీ పరుగున వెళ్ళి దాన్ని విప్పి, మళ్ళీ గుచ్చి, ఆంప్లిఫయరు వేసింది. బయట కప్పు మీది స్పీకరు గరగరమంది. టీ తాగుతున్నవాళ్ళు ప్రార్థన మళ్ళీ మొదలైందేమోనని తలలు తిప్పారు.

"రూఫస్ ఆ రోజు తాగలేదు," అన్నాడు తోమాస్. "సీసా దొరికిందని ఈ సంఘంలో మొట్టమొదట అన్నవాణ్ణి నేను. దాంట్లో ఉన్నది బ్యాటరీ నీళ్ళు. నేను వాసన సూడలేదు. సూడకుండానే చెప్పినాను. మీరందరూ సూడకుండానే నమ్మినారు. అతను ఇక్కడ నిలబడి చెప్పిన సాక్ష్యం నిజం. మనం చెప్పుకున్నది అబద్ధం."

బయట ఇందాక భుజం తట్టిన చేతులు గ్లాసులు పట్టుకుని అలాగే ఉన్నాయి. ఒక పెద్దాయన మొహం గంటుపెట్టుకుని గేటు వైపు నడిచాడు. పాస్టరుగారు గబగబా గుమ్మంలోకి వచ్చి, ఇది పెద్దల మీటింగులో మాట్లాడుకుందామనీ, ఇలా వీధికి వినిపించడం బాగుండదనీ, స్పీకరు ఆపేయమనీ ఎమిలీకి సైగ చేశారు.

ఎమిలీ స్విచ్చు మీద చెయ్యి పెట్టింది. ఆపలేదు. మార్త లోపలికి వచ్చి చివరి బెంచీలో కూర్చుని, చెంగు భుజాల చుట్టూ కప్పుకుంది. మళ్ళీ చెప్పండి మావయ్యా, రోడ్డు మీదికి సరిగ్గా వినబడలేదంది. తోమాస్ మైకుని దగ్గరకి లాక్కుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.